అప్పు చిట్టా, పని ఒప్పందం: ఖమ్మం – భద్రాచలం సరిహద్దు చరిత్ర లేవనెత్తే ఒక ప్రశ్న

బ్యాంకు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేవారికి ఈ మధ్యకాలంలో ఒక నిబంధన ఎదురవుతోంది. అభ్యర్థి గతంలో తీసుకున్న అప్పులు, కట్టిన వాయిదాలు, తప్పిన వాయిదాలు అన్నీ నమోదై ఉండే రుణ చరిత్రను సంస్థ పరిశీలిస్తుంది. అందుకు అభ్యర్థి ఒప్పుకోవాలి. కొన్ని ప్రైవేటు సంస్థలు కూడా, ముఖ్యంగా డబ్బు వ్యవహారాలు నడిపేవి, ఉద్యోగంలో చేర్చుకునే ముందు ఇదే కోరుతున్నాయి. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాల విద్యార్థులు తరగతి అయిపోయాక అడిగే ప్రశ్నల్లో ఇది తరచుగా వస్తుంది: "సార్, అక్కడ టిక్కు పెట్టాలా, వద్దా?"

ఇది చరిత్ర బోధించేవాడిని అడగవలసిన ప్రశ్నేనా అని మీలో కొందరికి అనిపించవచ్చు. అయితే పనికి కుదిరే మనిషి అప్పు ఎంత ఉందో యజమాని ముందుగా విచారించడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. కంప్యూటర్లు రాకముందు, బ్యాంకులు రాకముందు, గోదావరికి రెండు వైపులా ఉన్న అడవి గ్రామాల్లో ఆ విచారణ ఏటేటా జరిగేది. పనివాడి సమ్మతి కూడా తీసుకునేవారు. కాగితం మీద వేలిముద్ర రూపంలో. ఆ వేలిముద్రకు ఎంత విలువ ఇవ్వాలన్న విషయంపై ప్రభుత్వాలు దాదాపు వంద సంవత్సరాలు తర్జనభర్జన పడ్డాయి. ఆ చరిత్ర తెలిస్తే నేటి ప్రశ్నను ఎక్కడ నిలబడి చూడాలో తెలుస్తుంది. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

ఒక నది, రెండు ప్రభుత్వాలు

ముందుగా భౌగోళిక స్థితిని గుర్తు చేసుకుందాం. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను నిజాం 1860 ఒప్పందంతో బ్రిటిషువారికి అప్పగించాడు. అవి కొంతకాలం మధ్యపరగణాల్లోని ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు రాష్ట్రంలో చేరాయి. కుడి ఒడ్డున ఉన్న బూర్గంపాడు, పాల్వంచ ప్రాంతాలు మాత్రం నిజాం రాజ్యంలోనే కొనసాగాయి. 1953లో వరంగల్ జిల్లా నుంచి ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు తూర్పుగోదావరి జిల్లా నుంచి విడిపోయి ఖమ్మంలో కలిశాయి. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016 అక్టోబర్ 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది.

ఈ తేదీలను పరీక్ష కోసం కంఠస్థం చేయడం కన్నా వాటి వెనుక ఉన్న విషయం గమనించండి. కోయలు, కొండరెడ్లు నదికి రెండు ఒడ్డులా ఉన్నారు. వారి బంధుత్వాలు, సంతలు, అడవి ఒక్కటే. అప్పుల చట్టం మాత్రం ఒడ్డుకొకటి. కాబట్టి ఒకే రకమైన అప్పు బంధం కుడి ఒడ్డున ఒక పేరుతో, ఎడమ ఒడ్డున మరొక పేరుతో కనిపిస్తుంది. దాన్ని అదుపు చేయడానికి రెండు ప్రభుత్వాలు వేరువేరుగా చేసిన ప్రయత్నాలూ కనిపిస్తాయి.

భగేలా: పని కుదిరే వేళ అడిగే మొదటి మాట

నిజాం రాజ్యంలో ఈ బంధాన్ని 'భగేలా' అన్నారు. వాడుకలో జీతం ఉండటం, పాలేరుగా ఉండటం అనేవారు. పెళ్లికో, ఓలికో, కరవు ఏడాది తిండిగింజలకో ఒక మనిషి భూస్వామి దగ్గర కొంత సొమ్ము తీసుకుంటాడు. అది తీరేదాకా ఆ ఇంట్లో, ఆ పొలంలో పనిచేస్తానని ఒప్పుకుంటాడు. కూలి ఎక్కువగా గింజల రూపంలో అందుతుంది. అది తిండికే సరిపోదు. మధ్యలో జబ్బు చేస్తే, పండగ వస్తే మళ్లీ అప్పు. అసలు తరగదు, వడ్డీ పెరుగుతుంది. తండ్రి చనిపోతే కొడుకు ఆ పనిలోకి వస్తాడు.

ఇంతవరకు మీలో చాలామందికి తెలిసినదే. మన అంశానికి ముఖ్యమైనది తరువాతి మెట్టు. భగేలాగా ఉన్న మనిషి యజమానిని మార్చాలనుకుంటే ఏం జరిగేది? కొత్త యజమాని పాత యజమాని దగ్గరకు కబురు పంపేవాడు, లేదా తానే వెళ్లేవాడు. అడిగే మొదటి మాట 'వీడి బాకీ ఎంత?' అని. పాత యజమాని చిట్టా తీసి ఒక అంకె చెప్పేవాడు. కొత్త యజమాని అంత సొమ్ము కట్టి మనిషిని తెచ్చుకునేవాడు. బాకీ మరీ ఎక్కువైతే వద్దనుకునేవాడు. అంటే పనివాడి ఒంట్లో సత్తువ, చేతిలో నేర్పు చూసే ముందే అతని అప్పును చూసేవారు. పని దొరకాలా వద్దా, ఎవరి దగ్గర దొరకాలి, ఏ షరతుమీద దొరకాలి అనేవి ఒక పుస్తకంలోని అంకె మీద ఆధారపడి ఉండేవి. ఆ పుస్తకం పనివాడి దగ్గర లేదు. ఉన్నా చదవలేడు. అందులో తప్పు పడితే సరిచేయమని అడిగే చోటు లేదు.

అడవి లోపల ఇదే పద్ధతి మరో రూపంలో నడిచింది. 1940లలో నిజాం ప్రభుత్వం కోసం గిరిజన ప్రాంతాలను అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ గోదావరి లోయలోని కొండరెడ్ల మీద 1945లో ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. కలప, వెదురు వ్యాపారులు ముందుగా బయానా ఇచ్చి రెడ్లను పనిలోకి దింపిన తీరు అందులో ఒక ప్రధాన విషయం. కొండరెడ్డి నరికిన వెదురుకు ధర కట్టేది వ్యాపారి. అతడు తీసుకున్న బట్టకు, ఉప్పుకు ధర కట్టేదీ ఆ వ్యాపారే. రెండు లెక్కలూ ఒకే చేతిలో ఉన్నప్పుడు తేడా ఎటు తేలుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఎడమ ఒడ్డున, మద్రాసు ఏజెన్సీలో, ఇటువంటి అప్పు దాస్యాన్ని 'గొత్తి' అన్నారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఛత్తీస్‌గఢ్ నుంచి, ముఖ్యంగా 2005లో సల్వాజుడుం మొదలయ్యాక, మన జిల్లాకు వలస వచ్చిన వారిని 'గొత్తికోయలు' అంటున్నాం. శబ్దం దగ్గరగా ఉంది కదా అని ఆ పేరును ఈ అప్పు దాస్యంతో కలపకండి. జవాబు పత్రాల్లో ఈ పొరపాటు తరచుగా కనిపిస్తుంది.

చిట్టా ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నకు భద్రాచలం సంప్రదాయంలోనే ఒక చక్కని ఉదాహరణ ఉంది. నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారుగా ఉండి, సర్కారు సొమ్ముతో రాముడి గుడి కట్టించి, గోల్కొండలో ఖైదయ్యాడు. ఆ బాకీని రామలక్ష్మణులే వచ్చి తానీషాకు చెల్లించారని భక్తుల కథ. చెల్లించి ఊరుకోలేదు, రసీదు తీసుకున్నారు! దేవుడు కట్టినా కాగితం లేకపోతే బాకీ తీరినట్టు కాదని మన పెద్దలకు బాగా తెలుసు. అడవిలోని భగేలాకు మాత్రం అటువంటి రసీదు ఇచ్చినవారు అరుదు.

వేలిముద్ర ఉంటే చాలా? 1879 నుంచి 1976 దాకా

1879 రంప తిరుగుబాటుకు ముఠాదారులతో తగవు, కల్లు మీద పన్ను, పోలీసుల దౌర్జన్యం కారణాలని మీరు ముందు పాఠాల్లో చదివారు. మరో కారణాన్ని కూడా అప్పటి అధికారులే నమోదు చేశారు. మైదాన ప్రాంతపు వ్యాపారులు కొండవారితో అన్యాయమైన ఒప్పందాలు రాయించుకుని, దూరాన ఉన్న సివిల్ కోర్టుల్లో దావాలు వేసేవారు. కొండమనిషి అంత దూరం పోలేక హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చేది. దాంతో పశువులు, గింజలు జప్తయ్యేవి. ఆ తిరుగుబాటు అక్కడితో ఆగక రేకపల్లికీ పాకింది. రేకపల్లిలో పోడు మీద పెంచిన పన్ను కూడా అందుకు ఆజ్యం పోసింది.

ఈ దావాలు చట్టం ప్రకారం సక్రమమైనవే. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం ఒప్పందానికి స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి ఉండాలి. బలాత్కారం, అనుచిత ప్రభావం, మోసం, దుర్నిరూపణ, పొరపాటు వల్ల కలిగిన సమ్మతి స్వేచ్ఛాసమ్మతి కాదు. కానీ ఆకలి ఆ జాబితాలో లేదు. కొండమనిషి చేత ఎవరూ కత్తి చూపి వేలిముద్ర వేయించలేదు. కాబట్టి కోర్టు దృష్టిలో అతడు ఒప్పుకున్నాడు. అతని చేత ఒప్పించిన అవసరం మాత్రం కాగితం మీద లేదు.

ఈ లోటును సరిదిద్దే ప్రయత్నం మద్రాసు ప్రభుత్వం 1917లో చేసింది. ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం కొండజాతుల వారి అప్పు మీద వడ్డీ ఏడాదికి నూటికి 24కు మించరాదంది. చక్రవడ్డీ చెల్లదంది. మొత్తం వడ్డీ అసలును మించరాదంది. ఈ చివరి సూత్రం హిందూ న్యాయశాస్త్రంలోని 'దాందుపట్' నియమమే. కొత్తగా కనిపెట్టింది కాదు. ఈ చట్టంలో ఉన్న అసలైన విశేషం మరొకటి. అప్పు తీసుకున్నవాడు ఒప్పుకున్నాడా లేదా అని అది అడగదు. ఒప్పుకున్నా సరే, ఇంతకు మించి చెల్లదు అంటుంది. సమ్మతిని పరీక్షించడం మాని, షరతుకే హద్దు గీసింది. ఈ తేడా గుర్తుంచుకోండి. వ్యాసం చివర మళ్లీ దీని అవసరం వస్తుంది.

నిజాం ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాలను నియంత్రిస్తూ నిబంధనలు తెచ్చింది. 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ అప్పు దాస్య నిర్మూలన రెగ్యులేషన్ చేసింది. రెండూ కాగితం మీద మంచివి. పల్లెలో అమలు చేయవలసిన పటేలు, పట్వారీ, ముఠాదారు స్వయంగా భూస్వాములో వారి బంధువులో అయినప్పుడు కాగితం ఎంత దూరం పోతుంది? 1945లో ఖమ్మంలోనే ఆంధ్రమహాసభ సమావేశం జరిగేనాటికి తెలంగాణలో వెట్టి, అప్పు బంధాలు ఊరూరా చర్చలో ఉన్నాయి. తరువాతి సాయుధ పోరాటానికి అవి ఎట్లా భూమిక అయ్యాయో వేరే పాఠంలో చూస్తారు.

స్వాతంత్ర్యం తరువాత రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని, బలవంతపు పనిని నిషేధించింది. గిరిజనులు అప్పు కోసం, సరుకు కోసం షావుకారు గుమ్మం ఎక్కకుండా చేయాలని 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1960లో షెడ్యూల్డు ప్రాంతాల వడ్డీ వ్యాపారుల మీద ఒకటి, షెడ్యూల్డు తెగల రుణవిమోచన మీద ఒకటి, రెండు రెగ్యులేషన్లు వచ్చాయి. అసలు మలుపు మాత్రం అత్యవసర పరిస్థితి కాలంలో వచ్చింది. 1975 అక్టోబర్ 25 నుంచి అమలులోకి వచ్చినట్టుగా చేసిన వెట్టిచాకిరీ పద్ధతి రద్దు చట్టం, 1976, దేశంలోని అప్పు బంధాల పేర్లను వరుసగా పేర్కొంది. అందులో భగేలా, జీత, పాలేరు, వెట్టి అనే మన మాటలు ఉన్నాయి.

ఆ చట్టంలోని మూడు విషయాలు మనకు కావాలి. మొదటిది, అప్పుకు బదులుగా మనిషి తనకు నచ్చిన ఉద్యోగం చేసుకునే స్వేచ్ఛను వదులుకుంటే అది కూడా వెట్టి లక్షణమేనని నిర్వచనంలో చెప్పింది. రెండవది, వెట్టికి కారణమైన అప్పును తీర్చే బాధ్యత రద్దయింది. మూడవదాన్ని సాధారణంగా ఎవరూ పట్టించుకోరు గాని నా దృష్టిలో అతి ముఖ్యమైనది: ఇది వెట్టి అప్పు అని పనివాడు అంటే, కాదని రుజువు చేయవలసిన భారం అప్పిచ్చినవాడిది. చిట్టా ఎవరి చేతిలో ఉందో వారే లెక్క చెప్పాలి. వంద సంవత్సరాల కింద కోర్టుకు పోలేక డిక్రీ పాలైన కొండమనిషితో పోల్చి చూడండి. ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది.

1982లో ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేసేవాడు ఆకలి, పేదరికం నెట్టడం వల్లనే ఒప్పుకుంటాడు. అది కూడా బలవంతమే అని 23వ అధికరణాన్ని వ్యాఖ్యానించింది. 1872 జాబితాలో చోటు దొరకని ఆకలికి ఈ తీర్పులో చోటు దొరికింది. 1986లో సెంట్రల్ ఇన్‌లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ కేసులో ఇదే న్యాయస్థానం ఉద్యోగ ఒప్పందాల దాకా వచ్చింది. బేరమాడే శక్తిలో ఇద్దరికీ పొంతన లేనప్పుడు, చూపిన చోట సంతకం పెట్టడం తప్ప వేరే దారి లేనివాడి మీద రుద్దిన అన్యాయమైన షరతు చెల్లదని చెప్పింది.

సిబిల్ కాలం

ఇప్పుడు వర్తమానానికి వద్దాం. అప్పు తీసుకునేవారి సమాచారాన్ని పోగుచేసి అమ్మే వ్యాపారం అమెరికాలో పాతది. 1841లోనే న్యూయార్క్‌లో వ్యాపారుల పరపతి మీద నివేదికలిచ్చే సంస్థ వెలిసింది. 1899లో అట్లాంటాలో పుట్టిన రిటైల్ క్రెడిట్ కంపెనీ సామాన్యుల అలవాట్లు, అప్పుల మీద కూడా వివరాలు సేకరించి బీమా సంస్థలకు, యజమానులకు ఇచ్చేది. దాని మీద లేచిన ఆగ్రహం 1970 నాటి న్యాయమైన రుణ నివేదికల చట్టానికి ఒక కారణం. తరువాత ఆ కంపెనీ పేరు మార్చుకుని ఈక్విఫాక్స్ అయింది. ఇప్పుడు మన దేశంలోనూ పనిచేస్తోంది.

మన దేశంలో క్రెడిట్ ఇన్ఫర్మేషన్ బ్యూరో, అంటే సిబిల్, 2000లో ఏర్పడింది. 2005లో క్రెడిట్ సమాచార కంపెనీల నియంత్రణ చట్టం వచ్చింది. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. ఒకటి గమనించాలి: ఈ ఏర్పాటు పుట్టింది అప్పు ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవడానికి. ఉద్యోగం ఇవ్వాలా వద్దా అనేది తరువాత వచ్చి చేరిన ఉపయోగం.

చేరిన తీరు చూడండి. వాయిదాలు ఎగవేసిన చరిత్ర ఉన్నవారు, సిబిల్ వంటి సంస్థల వద్ద ప్రతికూల నివేదిక ఉన్నవారు అర్హులు కారని స్టేట్ బ్యాంకు తన నియామక ప్రకటనల్లో పెట్టింది. 2023లో ఐబీపీఎస్ ప్రకటనల్లోనూ అభ్యర్థి రుణ చరిత్ర సరిగా ఉండాలనీ, లేకపోతే ఉద్యోగంలో చేరేలోగా సరిచేసుకోవాలనీ, లేదా అప్పిచ్చిన సంస్థ నుంచి బాకీ లేదన్న పత్రం తేవాలనీ నిబంధన వచ్చింది. రామదాసు కథలోని రసీదు గుర్తుకు రాక మానదు.

2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చిన కేసు ఈ విషయంలో చదవదగినది. స్టేట్ బ్యాంకులో సర్కిల్ ఆధారిత అధికారిగా ఎంపికై, 2021లో నియామక పత్రం కూడా అందుకున్న అభ్యర్థికి, పాత రుణ చరిత్ర బాగా లేదన్న కారణంతో కొద్ది వారాల్లోనే బ్యాంకు దాన్ని రద్దు చేసింది. ప్రకటన వచ్చేనాటికి తాను అప్పులన్నీ తీర్చేశానని అభ్యర్థి వాదన. కోర్టు బ్యాంకునే సమర్థించింది. ప్రజల సొమ్ముతో వ్యవహరించే ఉద్యోగంలో ఆర్థిక క్రమశిక్షణ కోరడం సబబేననీ, తీర్చడం ఒక్కటే చాలదు, తీర్చిన తీరు కూడా మచ్చలేనిదిగా ఉండాలనీ చెప్పింది. నిబంధన తెలిసే దరఖాస్తు చేసినవాడు తరువాత దాన్ని ప్రశ్నించలేడని కూడా అంది.

ఈ చివరి కారణం దగ్గర చరిత్ర విద్యార్థి ఆగాలి. దరఖాస్తు చేశావు కాబట్టి ఒప్పుకున్నావు అన్న వాదన మనకు కొత్తది కాదు. వేలిముద్ర వేశావు కాబట్టి ఒప్పుకున్నావు అన్నదానికి అది దూరపు చుట్టమే. బ్యాంకు వాదనలో బలం లేదని నేను అనడం లేదు. రోజూ లక్షల రూపాయలు చేతులు మారే చోట అప్పుల ఒత్తిడిలో ఉన్న మనిషిని కూర్చోబెట్టడానికి సంస్థ జంకితే అందులో అర్థం ఉంది. నేను ఆగమంటున్నది సమ్మతి అనే మాట దగ్గర.

మన ప్రాంతంలో ఈ నిబంధన ఎవరి మీద పడుతుంది? ఊహించడం కష్టం కాదు. ఇంజినీరింగు చదువుకు విద్యారుణం తీసుకుని, చదువయ్యాక రెండు మూడేళ్లు ఉద్యోగం దొరక్క వాయిదాలు తప్పిన కుర్రవాడు. ఉద్యోగం కోసం చేసిన అప్పే ఉద్యోగానికి అడ్డం వస్తుంది. 2010 అక్టోబర్ 15న ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల దౌర్జన్యాన్ని ఆపడానికి ఆర్డినెన్సు తెచ్చిన రోజులు కొందరికైనా గుర్తుండి ఉంటాయి. ఆ తరువాత వాయిదాలు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. ఆ కాలం నుంచే సూక్ష్మరుణాల వివరాలు కూడా బ్యూరోలకు చేరడం మొదలైంది. 2016లో స్వయం సహాయక సంఘాల సభ్యుల అప్పుల వివరాలు సభ్యురాలి వారీగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలిచ్చింది. రాజకీయాలు, కరవు, సంస్థల తప్పిదం అన్నీ కలిసి చేసిన ఎగవేత అక్కడ ఒక మనిషి పేరు కింద, ఒక అంకెగా మిగులుతుంది. ఎందుకు ఆగిందో చెప్పే గడి ఆ పట్టికలో ఉండదు.

పోలిక ఎంతవరకు నిలుస్తుందో కూడా చెప్పుకోవాలి. భగేలాకు అప్పు ఉంటే పని తప్పేది కాదు. నేటి అభ్యర్థికి అప్పు మచ్చ ఉంటే పని దొరకదు. రెండూ ఎదురెదురు దిక్కులు. వెట్టిలో మనిషి ఒళ్లు కట్టుబడి ఉండేది, ఇక్కడ లేదు. కాబట్టి సిబిల్ పరిశీలనను వెట్టి అనడం సరికాదు, అట్లా రాసిన జవాబుకు నేను మార్కులు వేయను. పోలిక ఉన్నది మూడు చోట్ల: చిట్టా వేరొకరి చేతిలో ఉంది; అది అప్పు కోసం రాసినదైనా పనిని నిర్ణయిస్తోంది; మనిషి అతి బలహీనంగా ఉన్న ఘడియలో అతని ఒప్పుకోలు అడుగుతున్నారు.

సమ్మతి ఇవ్వవచ్చా?

విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి కదా. డబ్బు చేతులు మారే ఉద్యోగమైతే ఇవ్వవచ్చు అంటాను, కాని నివేదిక ముందుగా తాను చూసుకున్న తరువాతే. లెక్కల గదిలో పనిలేని ఉద్యోగానికి, డ్రైవరుకో ఉపాధ్యాయుడికో ప్రోగ్రామరుకో, ఆ నివేదికతో సంబంధం ఏమిటని సంస్థను అడగడం తప్పు కాదు. అయితే ఇది వ్యక్తిగత సలహా మాత్రమే. ఒక ఖాళీకి వందలమంది పోటీ పడే చోట ఒకడు టిక్కు పెట్టనంటే సంస్థకు పోయేదేమీ లేదు, పోయేది అతని అవకాశమే. అందుకే అసలు పరిష్కారం అభ్యర్థి చేతిలో లేదు. 1917 చట్టం చేసినట్టు, ఒప్పుకున్నా సరే ఇంతకు మించి అడగరాదని షరతుకే హద్దు గీయాలి. ఏ ఉద్యోగాలకు రుణ చరిత్ర అడగవచ్చో చట్టం పేర్కొనాలి. మచ్చ కనిపిస్తే వివరణ ఇచ్చుకునే అవకాశం ఉండాలి. నమోదు సరైనదని చూపే భారం 1976 చట్టంలో వలె అప్పిచ్చినవారి మీద ఉండాలి.

ఇది జరగని పనేమీ కాదు. మన తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న అమెరికాలో యజమాని అభ్యర్థి రుణ నివేదిక చూడాలంటే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. దాని ఆధారంగా ఉద్యోగం నిరాకరించే ముందు నివేదిక ప్రతిని అభ్యర్థికి ఇవ్వాలి. ఆ అనుమతి చాలదనుకున్న రాష్ట్రాలు మరింత ముందుకు పోయాయి. 2007లో వాషింగ్టన్ రాష్ట్రం, 2010లో ఇల్లినాయ్, 2015లో న్యూయార్క్ నగరం, కొన్ని మినహాయింపులతో, యజమానులు రుణ చరిత్రను వాడటాన్నే పరిమితం చేశాయి.

మన దగ్గర 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. ఆ తరువాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి, అవి దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతు లేకుండా, స్పష్టంగా ఇచ్చినదై ఉండాలని ఆ చట్టం 6వ సెక్షన్ చెబుతుంది. 1872 చట్టం కన్నా ఇది చాలా మెరుగైన నిర్వచనం. కాని వెంటనే ఉన్న 7వ సెక్షన్ ఉద్యోగ అవసరాల కోసం, యజమానిని నష్టం నుంచి కాపాడే అవసరాల కోసం సమ్మతి లేకుండానే సమాచారం వాడుకునే వీలు కల్పించింది. ఆ వాక్యంలో ఉద్యోగి ప్రస్తావన ఉంది. దరఖాస్తుదారు ఇంకా ఉద్యోగి కాడు. ఆ వీలు అతనికీ వర్తిస్తుందా అన్నది ముందు ముందు కోర్టులు తేల్చవలసిన ప్రశ్న.

ఈలోగా మీరు చేయగలిగినది ఒకటి ఉంది. ప్రతి క్రెడిట్ సమాచార సంస్థ నుంచి ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా పొందే హక్కు మీకు ఉంది. అందులో తప్పు ఉంటే ఫిర్యాదు చేయవచ్చు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. మీ తండ్రి పంట రుణం మీ నివేదికలోకి రాదు. మీరు సహరుణగ్రహీతగానో హామీదారుగానో సంతకం చేసి ఉంటే వస్తుంది. ఇంట్లో ఎవరైనా 'ఊరికే ఒక సంతకం' అని అడిగినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

అభ్యాసం: మీ ఊరిలో జీతం ఉన్న పెద్దవారిని ఒకరిని కలవండి. బాకీ లెక్క ఎవరు రాసేవారు, వారికి ఎప్పుడు చదివి వినిపించేవారు, యజమాని మారినప్పుడు ఏం జరిగేది అని అడిగి రాసుకోండి. తరువాత మీ సొంత రుణ నివేదికను తెప్పించుకుని, అందులో మీకు అర్థం కాని పదాలకు గీత గీయండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి, మీరు గమనించిన విషయాలను రెండు పేజీల్లో రాసి అధ్యయన కేంద్రానికి తీసుకురండి.